రెండేళ్ళ గురువు

అన్ని దానాలలోను విద్యాదానం శ్రేష్ఠమని మన పెద్దలు చెప్పినారు. అయితే ఏ దానంలోనైనా ఇచ్చేవాని చేయి పైన, పుచ్చుకొనేవాని చేయి క్రింద ఉంటుంది. స్వచ్ఛందంగా పరదేశానికి పోయి పాఠాలు చెప్పే యువకులను గూర్చి ఆలోచించేటప్పుడు ఈ చేతుల సంగతి మరువరాదు. వారి త్యాగాన్ని పొగడటం సులభం. వారు వెళ్ళిపోయిన తరువాత ఆ పిల్లలకు ఏమి మిగిలినదో విచారించటం కష్టం. కాని ఉపాధ్యాయులమైన మనం విచారించవలసినది అదే.

ఈ సేవ వ్యవస్థారూపం దాల్చి ఆరు దశాబ్దాలు దాటినది. బ్రిటనులో వి.ఎస్.ఓ. సంస్థ 1958 లోను, అమెరికాలో పీస్ కోర్ అనే శాంతిదళం 1961 మార్చిలోను పుట్టినవి. 1961 ఆగస్టు 30 న ఘనా రాజధాని అక్రాలో విమానం దిగిన మొదటి అమెరికన్ జట్టు ఉపాధ్యాయుల జట్టే. దిగీ దిగగానే వారు ఆ దేశపు ట్వీ భాషలో పాట పాడి ఆతిథేయుల మనసు చూరగొన్నారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఆఫ్రికా దేశాలలో ఉన్నత పాఠశాలలకు ఉపాధ్యాయులు చాలని మాట నిజం. ఆ కొరతను ఈ యువకులు కొంత తీర్చినారనటం కూడా నిజం.

ఇట్టి గురువు దినచర్య ఎట్లుంటుందో టాంజానియా గ్రామంలో చూద్దాం. అక్కడ గంటలను సూర్యోదయం నుండి లెక్కిస్తారు. మన గడియారంలో ఉదయం ఏడు అయితే స్వాహిలీ భాషలో అది ఒంటిగంట. పొద్దుపొడుపు నుండి ఘడియలు లెక్కపెట్టిన మన తాతలకు ఇది వింత కాదు. కొత్త గురువు మాత్రం రెండు గంటలకు రమ్మంటే మధ్యాహ్నం వెళ్ళి నవ్వులపాలవుతాడు. వారు రమ్మన్నది ఉదయం ఎనిమిదికి! పెద్దలు ఎదురైతే చిన్నవారు 'షికమో' అనవలె. పెద్దలు 'మరహబా' అని అందుకొంటారు. ఇంటి క్షేమం, పని క్షేమం అడుగకుండా నేరుగా విషయంలోకి దిగటం అమర్యాద. గడప ముందు నిలిచి 'హోడీ' అని కేకవేసి, లోపలినుండి 'కరిబు' అన్న పిలుపు వచ్చిన తరువాతనే అడుగు పెట్టవలె.

చాలా గ్రామాలలో నీళ్ళు బకెట్లతో మోసి తెచ్చుకొనవలె; వంట బొగ్గుల పొయ్యిమీద. భోజనం 'ఉగాలి', అనగా మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికిన ముద్ద. మన సంకటి ఎరిగినవారికి దానిని వర్ణించి చెప్పనక్కరలేదు. దానితో చిక్కుడు గింజల కూరో, 'మ్చిచా' అని వారు పిలిచే తోటకూరో ఉంటుంది. చపాతీ, చాయ్ అనే మాటలు ఇండియానుండి సముద్రం దాటి వెళ్ళి ఆ భాషలో స్థిరపడినవి.

పొయ్యి రాజేయటం మొదలు పెద్దలను పలుకరించటం వరకు ఈ పాఠాలన్నీ అతనికి చెప్పేది పొరుగింటి అవ్వ, సంతలో కూరలమ్మే ఇల్లాలు, తన బడిలోని పిల్లలు. ఈ శ్రమకు ఏ సంస్థ లెక్కలోను పద్దు లేదు. గురువు ఇచ్చిన గంటలు వ్రాసుకొంటారు. ఊరు ఇచ్చిన గంటలు ఎవరు వ్రాసుకొంటారు?

ఇక తరగతి గది. టాంజానియా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో బోధన 1967 నుండి స్వాహిలీలో జరుగుతున్నది. ఉన్నత పాఠశాలలో అడుగుపెట్టగానే బోధనభాష ఇంగ్లీషు అవుతుంది. నిన్నటిదాకా తన భాషలో గలగల ప్రశ్నలు వేసిన పిల్లవాడు నేడు మౌని అవుతాడు. పుస్తకాలు అరకొర కనుక నల్లబల్లమీది అక్షరాలను భక్తితో నోటుబుక్కులోకి ఎక్కిస్తాడు. విదేశీ గురువుకు స్వాహిలీ రాకుంటే ఆ మౌనాన్ని వినయమని భ్రమపడతాడు. ప్రక్క గదిలో స్థానిక ఉపాధ్యాయుడు రెండు స్వాహిలీ మాటలతో అదే సూత్రాన్ని విప్పి చెపుతాడు. ఇంగ్లీషు బాగా వచ్చినవాడే ఉత్తమ గురువనే భ్రమ మన ఊళ్ళలోనూ ఉన్నది కనుక ఈ సంగతి మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ దేశపు తొలి అధ్యక్షుడు జూలియస్ న్యెరేరే స్వయంగా బడిపంతులు. ప్రజలు ఆయనను కడవరకు 'మ్వాలిము', అనగా గురువు, అనే పిలిచినారు. ప్రభుత్వం నడుపుతూనే ఆయన షేక్స్‌పియరు 'జూలియస్ సీజరు'ను స్వాహిలీలోకి అనువదించి 1963 లో ప్రకటించినారు. 1969 లో 'మర్చెంట్ ఆఫ్ వెనిస్' వెలువడినది. షేక్స్‌పియరును మోయగలిగిన భాష రసాయనశాస్త్రాన్ని మోయలేదనటం ఎట్లు పొసగుతుంది?

రెండేళ్ళకు వచ్చేవాడు భాష నేర్చుకొంటూ కూర్చుంటే పాఠం ఎప్పుడు చెపుతాడని కొందరు అడుగవచ్చు. ఆ రెండేళ్ళ గడువే నా వాదానికి బలం. శాంతిదళం 1969 లో టాంజానియా విడిచి 1979 లో గాని తిరిగి రాలేదు. 2020 మార్చిలో కరోనా వ్యాపించినప్పుడు ప్రపంచమంతటి నుండి సుమారు 7,000 మంది సేవకులను కొద్ది దినాలలో వెనక్కు పిలిపించినారు. పోయేవాడు ఎప్పుడైనా పోవలసినవాడే. కనుక తాను ఉన్నన్నాళ్ళు ప్రక్క గది ఉపాధ్యాయునితో కలిసి పాఠం తయారుచేసి, కలిసి చెప్పి, ఆ వ్రాతప్రతులు అతనికి అప్పగించి పోవటం అతని ధర్మం. అందుకు భాష కావలె.

ఇది అసాధ్యం కాదు. మన గిడుగు రామమూర్తిపంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవరల భాష నేర్చుకొన్నారు. వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించటానికి వాచకాలు వ్రాసినారు. సొంత ఖర్చుతో బడి నడిపినారు. ఆయన సవర వ్యాకరణం 1931 లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938 లోను అచ్చయినవి. ఆయన అన్యదేశానికి పోలేదు, కొండవరకు నడిచినారు.

ఆఫ్రికాకు పోదలచిన యువకునికైనా, మన్యంలో తొలి ఉద్యోగానికి పోతున్న ఉపాధ్యాయునికైనా నేను చెప్పగలిగినది ఒక్కటే. మొదటి దినం నల్లబల్లమీద మీ పేరు వ్రాయండి. పిమ్మట సుద్దముక్క పిల్లల చేతికిచ్చి, ఆ ఊరి మాటలలో పది వ్రాయించుకొని నేర్చుకోండి. వారు మీ ఉచ్చారణ చూచి నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆ మరునాడు వారు మిమ్మల్ని ప్రశ్న అడుగుతారు.