బడి కంప్యూటర్ తాళంచెవి ఎవరి చేతిలో?

2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బళ్లలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీ మొదలైంది. ఉపాధ్యాయులవీ కలిపి 5,18,740 ట్యాబులు, వాటిలో బైజూస్ కంపెనీ పాఠాలు. రెండేళ్లు తిరక్కుండానే, 2024 జులైలో, బైజూస్ మాతృసంస్థపై బెంగళూరులో దివాలా ప్రక్రియ మొదలైంది. పాఠాలకు పైసా తీసుకోలేదు, నిజమే. కానీ వాటిలో తప్పు కనబడితే దిద్దే హక్కుగానీ, రేపు కంపెనీ లేకుంటే వాటిని సొంతంగా నడిపించుకునే హక్కుగానీ శ్రీసత్యసాయి జిల్లా లేపాక్షి హైస్కూలు సారుకు లేవు.

ఇలా జరగడం కొత్త కాదు. 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అయిదు వేల ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ల పథకం పెట్టింది. యంత్రాలూ, నేర్పే మనిషీ ప్రైవేటు ఏజెన్సీల నుంచే. ఒప్పందం అయిదేళ్లకు ముగిసింది, నేర్పే మనిషి ఇంటికెళ్లాడు, చాలా బళ్లలో కంప్యూటర్ గదికి తాళం పడింది.

కేరళ దారి వేరు. 2001లో ఐటీ@స్కూల్ పథకం మొదలుపెట్టి, కొన్నేళ్లలోనే బడి కంప్యూటర్లను ఎవరైనా ఉచితంగా వాడి, మార్చుకోగల గ్నూ/లినక్స్‌కు మార్చింది. పదో తరగతి ఐటీ పరీక్ష కూడా దానిమీదే. లైసెన్సుల ఖర్చులో మూడు వేల కోట్లు మిగిలాయని ఆ పథకాన్ని ఇప్పుడు నడుపుతున్న కైట్ సంస్థ చెప్పుకుంటుంది. లెక్క కాస్త ఉదారంగా వేసి ఉండొచ్చు. అంతకన్నా మెచ్చుకోవాల్సింది మరొకటి ఉంది. బయటి ఇన్‌స్ట్రక్టర్ కోసం ఎదురుచూడకుండా లెక్కల సారుకూ, సోషల్ టీచరుకూ శిక్షణ ఇచ్చారు. కావలసినవి చేర్చి, మలయాళంలో తమ బళ్లకు తగ్గ వ్యవస్థను తయారుచేసుకున్నారు.

శ్రీసత్యసాయి జిల్లాకు ఆ భాష సంగతి మరీ ముఖ్యం. మడకశిర వైపు కన్నడ మాధ్యమం బళ్లున్నాయి, హిందూపురంలో ఉర్దూ పిల్లలున్నారు. ఒకే లినక్స్ కంప్యూటర్‌లో మెనూలను తెలుగు, కన్నడ, ఉర్దూ మూడింటిలోనూ పెట్టుకోవచ్చు. సరిగా లేని మాటలను మన టీచర్లే మార్చొచ్చు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ బృందం ఏళ్లుగా ఇలా తెలుగులోకి మార్చే పని చేస్తోంది. ఓపెన్ ఫాంట్లలో శ్రీకృష్ణదేవరాయ, పెద్దన, తిమ్మన పేర్లున్నవి ఉన్నాయి. రాయల పేరున్న అక్షరాలతో పెనుకొండ బడి గోడపత్రిక వేసుకోవడానికి ఎవరికీ రుసుము కట్టనక్కర్లేదు.

కియా కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి ఎక్సెల్ అడుగుతారు కదా అంటారు తల్లిదండ్రులు. అడగొచ్చు. లినక్స్ మీద నడిచే లిబ్రెఆఫీస్‌లో పట్టికలు వేసి సూత్రాలు రాయడం వచ్చిన పిల్లకు ఎక్సెల్ కొద్ది రోజుల్లో పట్టుబడుతుంది. ధర్మవరంలో చీరల డిజైన్లు కంప్యూటర్ మీద గీస్తున్న రోజులివి. బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌తో చీర అంచు గీయడం తొమ్మిదో తరగతిలోనే నేర్పొచ్చు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు కంపెనీ మద్దతు ఆగిపోయింది. పాత యంత్రాలు చాలావరకు విండోస్ 11కు పనికిరావు. వాటిని తుక్కు కింద వేలం వేసేముందు లేపాక్షి మండలం హైస్కూళ్లలోనైనా లినక్స్ ఎక్కించి చూడాలి. వేసవిలో బడికి ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇచ్చి, మరమ్మతులకు జిల్లా పాలిటెక్నిక్ విద్యార్థులను పంపాలి. శిక్షణ పొందిన ఆ ఇద్దరినీ కనీసం రెండేళ్లు బదిలీ చేయబోమని విద్యాశాఖ ముందే కాగితం మీద రాసివ్వాలి.