అంగడి ముచ్చట్లు: తెరమీది సంతలో ధర తెలిసేదెట్లా?

ఈ శీర్షికలో ఇంతవరకు కూరగాయల ధరలు, పట్టుచీరెల బేరాలు, చీట్ల వ్యవహారాలు ముచ్చటించుకొన్నాం. ఈ నెల పోవలసిన సంత వేరు. అక్కడ దుమ్ము లేదు, గడ్డివాములు లేవు, తలపాగాలు లేవు. ఐనా జంతువుల బేరం రాత్రింబవళ్లు సాగుతూనే వుంటుంది. ఆ జంతువులు కంప్యూటరు తెరమీదనే పుట్టి, తెరమీదనే పెరుగుతవి. పిల్లలు వాటిని సాకుతారు, జత కలుపుతారు, పుట్టిన కూనలను ఒకరికొకరు అమ్ముకొంటారు. పిల్లలే కాదు, ఉద్యోగాలు చేసే పెద్దవాళ్లూ ఈ ఆటల్లో వున్నారు.

షోలాపురం నుంచి మన సభ్యురాలొకరు జాబు వ్రాశారు. వారి రెండో అమ్మాయికి 15 ఏండ్లు. రెండేళ్లుగా ఇటువంటి ఆట ఒకటి ఆడుతున్నది. ఏడాదిపాటు తరం తరువాత తరం రంగులు చూసి, జతలు చూసి, తాను కోరుకొన్న జంతువునొకదాన్ని తయారు చేసుకొన్నది. ఎవరో తీయగా అడిగితే అడిగిన ధరకే ఇచ్చివేసింది. మర్నాడు అదే జంతువు అదే సంతలో ఎనిమిది రెట్ల ధరతో కనబడింది. పిల్ల రెండు పూటలు అన్నం ముట్టలేదట. "మా యింట మగ్గాలు ఆడిన రోజుల్లో మామగారు ఒక్క చీరె అమ్మాలన్నా నాలుగు కొట్లు తిరిగి ధర కనుక్కొని వచ్చేవారు. ఈ సంతలో ఆ నాలుగు కొట్లు ఎక్కడున్నవో మాకు తెలియదు. వాళ్ల నాన్నగారేమో ఆటే మాన్పించమంటున్నారు. మీరేమంటారు?" అని అడిగారు.

ఆమె అడిగింది చిన్న ప్రశ్న కాదు. ధర తెలియని సంతలో అమాయకుడు నష్టపోవడం లోకమంతటా వున్నదే. మన పశువుల సంతల్లో దళారులు తువాలు కప్పి, దాని క్రింద చేతివేళ్లు పట్టుకొని బేరం కుదిర్చే పద్ధతి పెద్దలకు తెలుసు. వేళ్లు పట్టుకొన్న ఇద్దరికి తప్ప ప్రక్కనున్నవాడికి ధర తెలియదు. అనుభవమున్న దళారికి అది లాభం. మొదటిసారి ఎద్దును తోలుకొని వచ్చిన రైతుకు అది చీకటి. తెరమీది సంతల్లో చాలావాటికి ఈ తువాలు ఇంకా తొలగలేదు.

ముందుగా ఈ జంతువులకు విలువ ఎట్లా వస్తుందో చూద్దాం. ఫ్లైట్ రైజింగ్ అని ఒక ఆట వున్నది. 2013లో ఆరంభమైంది. దాంట్లో పెంచేవి డ్రాగన్లు, అంటే రెక్కల సర్పాల వంటివి. ఒక్కొక్క డ్రాగనుకు మూడు రంగులుంటవి. మొత్తం రంగులు 177, ఒక చక్రం మీద వరుసగా అమర్చి వున్నవి. తల్లి రంగుకూ తండ్రి రంగుకూ మధ్యనున్న వరుసలోనే పిల్ల రంగు పడుతుంది. కనుక దగ్గర రంగుల జతకు పుట్టే కూనలు ఇంచుమించు అనుకొన్నట్టే వస్తవి. దూరపు రంగుల జతైతే లాటరీయే. ఒంటిమీది చారలు, మచ్చలు వేరే లక్షణాలు. వాటిలో సామాన్యమైనవీ అరుదైనవీ వున్నవి. అరుదైన లక్షణం పిల్లకు దిగడం తక్కువ.

మన పెద్దలకు నచ్చే నియమం ఒకటి కూడా వున్నది. అయిదు తరాలలోపు చుట్టరికమున్న డ్రాగన్లకు జత కుదరదు. సగోత్రం పనికిరాదన్న మాట! అందుచేత తల్లిదండ్రుల జాబితా లేని, మొదటి తరపు డ్రాగనుకు గిరాకీ యెక్కువ. దాన్ని ఎవరింటికైనా సంబంధానికి తీసుకొని పోవచ్చును గదా.

అంటే ఒక జంతువు ధరలో రంగు, లక్షణం, వంశం మూడూ కలిసివుంటవి. రెండు జంతువులు అచ్చంగా ఒకటిగా వుండవు. బియ్యానికి బస్తాధర చెప్పవచ్చును గాని ఎద్దుకు తూకం ధర చెప్పలేము. చిక్కంతా ఇక్కడ వున్నది.

ఇక ధర తెలుసుకొనే దారులు. నియోపెట్స్ అనే పాత ఆట 1999 నవంబరులో ఇంగ్లండులో పుట్టింది. అక్కడ ఆటగాళ్లే వస్తువుల కొట్లు పెట్టుకొంటారు. ఏ వస్తువు ఎవరి కొట్లో ఎంతకున్నదో వెదకి చెప్పడానికి ఒక మంత్రగాడిని పెట్టారు. ఐతే ఆ మంత్రగాడు ఒక్కసారి అడిగితే సంతంతా చూపడు, ఒక వరుస కొట్లు మాత్రమే చూపుతాడు. మళ్లీ మళ్లీ అడిగినవాడికే అసలు కనిష్ఠ ధర దొరుకుతుంది. ఓపిక లేని పిల్లవాడు మొదటి వరుసలో కనబడినదే ధర అనుకొంటాడు. షోలాపురం మామగారు నాలుగు కొట్లు తిరిగిన సంగతి ఇక్కడ కూడా వర్తిస్తుంది.

పైగా ఇట్లా కనబడేది అడుగుతున్న ధర. అమ్ముడుపోయిన ధర కాదు. ఈ రెంటికీ గల భేదం ఇల్లు అమ్మిన ప్రతివారికీ తెలుసు. లక్ష అడిగి నెలల తరబడి కూర్చొన్న సరుకు కొట్లో కనబడుతూనే వుంటుంది. నలభై వేలకు పోయిన సరుకు ఆ క్షణంలోనే కంటికి కనబడకుండా పోతుంది. కనుక కొట్లను చూసి ధర కట్టేవాడు అమ్ముడుపోని సరుకును చూసి ధర కడుతున్నాడన్న మాట. మన అమ్మాయి జంతువు ఎనిమిది రెట్ల ధరతో కనబడిందన్నారు. ఆ ధరకు ఎవరైనా కొన్నారా, లేక అది అట్లాగే కూర్చొన్నదా? ఇది తెలియకుండా ఎంత నష్టపోయిందో చెప్పలేము.

అమ్మిన ధరను ఆధారం చేసుకొన్న పద్ధతి ఒకటి క్రిప్టోకిట్టీస్ అనే ఆటలో చూశాం. 2017 నవంబరులో కెనడా సంస్థ ఒకటి దీన్ని ఆరంభించింది. ఇవి పిల్లులు. ఏడాదిపాటు ప్రతి 15 నిమిషాలకు ఒక మొదటి తరపు పిల్లిని ఆటవారే సంతలో పెట్టారు. దాని ధర నిర్ణయించిన తీరు చక్కనిది. కడపట అమ్ముడైన అయిదు పిల్లుల సగటు ధర తీసుకొని, దానికి సగం కలిపి మొదలుపెడతారు. సగటు 100 ఐతే ధర 150 దగ్గర ఆరంభమౌతుంది. అక్కడినుంచి గడియారంతోపాటు దిగుతూ వుంటుంది. ఎవరికి ఎక్కడ నచ్చితే అక్కడ కొంటారు. ఆటగాళ్లు తమ పిల్లులను అమ్ముకొన్నా ఇదే దిగుడు వేలం. మొదటి ధర, చివరి ధర, గడువు అమ్మేవాడే చెప్పాలి.

మన వేలంపాటల్లో ధర ఎక్కుతుంది. ఇక్కడ దిగుతుంది. ధర తెలియని అమ్మకందారుకు ఇందులో ఒక రక్ష వున్నది. ఎక్కువ చెప్పి మొదలుపెడితే నష్టం లేదు, కాలమే దాన్ని సరిచేస్తుంది. నిజంగా విలువగల జంతువైతే, మరొకడు ఎగరేసుకొని పోతాడన్న భయంతో కొనేవాడు పైధర దగ్గరే చెయ్యి వేస్తాడు. తీయగా అడిగినవాడికి తక్కువకు ఇచ్చివేసే ప్రమాదం తగ్గుతుంది.

ఐతే ధర కనుక్కొనే పద్ధతి బాగున్నంత మాత్రాన ధర నిలవదు. 2018లో ఒక పిల్లి 600 ఈథర్లకు, అంటే అప్పటి లెక్కలో లక్షా యాభైవేల డాలర్లకు పైగా పోయింది. కాని ప్రతి పిల్లీ పిల్లలను పెడుతుంది. పుట్టినవి చావవు. కడకు పది లక్షలకు పైగా పిల్లులైనవి. సామాన్యమైన పిల్లికి అడిగేవాడు లేకపోయాడు.

చెరువుకు కాలువ ఎంత ముఖ్యమో తూము అంత ముఖ్యం. కాలువ వుండి తూము లేకపోతే కట్ట తెగుతుంది. తెరమీది జంతువులకు ముసలితనం లేదు, మరణం లేదు. కనుక ఆటను కట్టేవారే తూము అమర్చవలె. ఫ్లైట్ రైజింగులో ఇది వున్నది. అక్కరలేని డ్రాగనును దేవత సేవకు పంపివేయవచ్చును. అది మరి తిరిగి రాదు. పంపినవాడికి కొంత ఆటసొమ్ము ముడుతుంది. బాగా తర్ఫీదైన డ్రాగనుకు ఎక్కువ ముడుతుంది. ఆ వారం ఎక్కువ పంపిన దళానికి సరుకుల ధరలో తగ్గింపు దొరుకుతుంది. దీనివల్ల రెండు మేళ్లు జరుగుతున్నవి. జంతువుల సంఖ్య అదుపులో వుంటుంది. రంగు కుదరని కూనకు కూడా ఒక అడుగు ధర ఏర్పడుతుంది. అంతకన్న తక్కువకు ఎవరూ అమ్మనక్కరలేదు.

తూము సరిగా లేకపోతే ఏమౌతుందో ఆక్సీ ఇన్ఫినిటీ కథ చెబుతుంది. ఇది వియత్నాములో పుట్టిన ఆట. జంతువులను పోటీకి దింపితే ఎస్.ఎల్.పి. అనే నాణెం వస్తుంది. దాన్ని బయట నిజం డబ్బుకు మార్చుకోవచ్చును. ఆ నాణేనికి ఆటలో ముఖ్యమైన వ్యయం ఒక్కటే, జంతువులను జతకట్టడం. 2021లో ఆట ఆడాలంటే మూడు జంతువులు కొనవలసి వచ్చేది. కరోనా రోజుల్లో పనులు పోయిన ఫిలిప్పీన్సు కుటుంబాలు అనేకం ఈ ఆటమీద బియ్యం కొనుక్కొన్నవి. అప్పుచేసి జంతువులను కొన్నవారూ వున్నారు. 2021 జూలైలో నాణెం 35 సెంట్లకు పైగా పలికింది. కొత్తవారు చేరుతున్నంతకాలం జంతువులు కొనేవారున్నారు. చేరడం తగ్గగానే నాణేలు గుట్టపడినవి. 2022 ఫిబ్రవరి నాటికి ధర ఒక సెంటు దరిదాపులకు దిగింది. ఆ నెలలో ఆటవారు నాణేలు ఇచ్చే మార్గాలు కొన్ని మూసివేశారు గాని అప్పటికే ఆలస్యమైంది. మార్చిలో ఆ ఆటకు చెందిన ఖజానా నుంచి 60 కోట్ల డాలర్లకు పైగా దొంగలు దోచుకొన్నారు. ఆటసొమ్ముకూ ఇంటి అన్నానికీ ముడిపెడితే ఇట్లా వుంటుంది.

ఇప్పుడు ఆటలు కట్టేవారు చేయదగిన పనులు చెప్పుకొందాం. మన సభ్యుల పిల్లల్లో కంప్యూటరు ఉద్యోగాలు చేసేవారు బెంగుళూరు, మద్రాసు, పూనాల్లో బోలెడంతమంది వున్నారు. వారి చెవిన కూడా వేయండి.

మొదటిది, తువాలు తీసివేయడం. ఒకే జాతి, దగ్గర రంగు, అదే లక్షణం గల జంతువులు గత నెలలో ఎంతెంతకు అమ్ముడైనవో అమ్మేవాడు ధర వ్రాసే చోటనే చూపాలి. సగటు ఒక్కటే చూపితే చాలదు. ఒక్క పిచ్చి బేరంతో సగటు చెడిపోతుంది. మధ్యస్థపు ధర, ఎక్కువ తక్కువలు కూడా చూపాలి. తమలో తాము అమ్ముకొని ధర పెంచి చూపే స్నేహితుల జట్లను లెక్కలోనుంచి తీసివేయాలి.

రెండవది, "కావలెను" బల్ల. కొనేవారు తమకేమి కావాలో, ఎంత ఇస్తారో వ్రాసి, ఆ సొమ్ము అక్కడే కట్టివేయాలి. అప్పుడు అమ్మేవాడికి మాట కాదు, రొక్కం కనబడుతుంది.

మూడవది, ఇచ్చిపుచ్చుకోవడం ఒకేసారి జరగాలి. ఇద్దరి సరుకూ ఒకే తెరమీద కనబడి, ఇద్దరూ ఒప్పుకొన్న తరువాతే చేతులు మారాలి. "ముందు నీది పంపు, తరువాత నాది" అన్నచోటనే మోసమంతా వున్నది.

నాలుగవది, తూము. ప్రతి అమ్మకం మీద చిన్న సుంకం తీసుకొని ఆ సొమ్మును ఆటలోనుంచి తొలగించాలి. సుంకం మరీ ఎక్కువైతే జనం చాటుబేరాలకు దిగుతారు. తువాలు మళ్లీ వస్తుంది.

ఇక అమ్మాయి చేయవలసినవి. జత కలపడానికి ముందే కాగితం మీద లెక్క వేయాలి. లెక్కకోసం అనుకొందాం. అరుదైన లక్షణం కొనడానికి 90 వేల ఆటసొమ్ము పెట్టింది. మంచి కూన 15 వేలకు పోతుంది. పెట్టుబడి రావాలంటే ఆరు మంచి కూనలు అమ్మాలి. ఒక కాన్పుకు రెండే మంచివి వస్తే మూడు కాన్పులు కావాలి. మధ్య విశ్రాంతి రోజులు కలుపుకోవాలి. అంతవరకు ఆ రంగు మోజు నిలుస్తుందా? నిలవదనిపిస్తే ముచ్చటకోసం పెంచుకోవచ్చును గాని వ్యాపారమని పేరు పెట్టుకోరాదు. ఎవరైనా తొందరపెట్టి అడిగితే "రేపు చెబుతాను" అనాలి. ఆ రాత్రి నాలుగు కొట్లు చూసి, అటువంటివి ఏ ధరలో మాయమౌతున్నవో వారంపాటు గుర్తు వ్రాసుకోవాలి.

తండ్రిగారికొక మాట. నియోపెట్స్, ఫ్లైట్ రైజింగ్ వంటి ఆటల్లో జంతువులను బయటి డబ్బుకు అమ్మడం నిషిద్ధం. అటువంటి ఆటైతే మాన్పించనక్కరలేదు. పిల్ల పోగొట్టుకొన్నది ఆటసొమ్ము, నేర్చుకొన్నది నిజమైన పాఠం. నిజం డబ్బు, క్రిప్టో నాణేలు చేరిన ఆటైతే సంగతి వేరు. మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి అటువంటి ఆస్తుల లాభం మీద 30 శాతం పన్ను వున్నది. ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరొకదాని లాభంలోనుంచి తీసివేసుకొనే వీలు లేదు. ఇంట్లో పెద్దల ఎరుక లేకుండా పిల్లలు ఆ గడప త్రొక్కరాదు.

ఏ ఆటైనా సరే, నెలకొకసారి పిల్లను ప్రక్కన కూర్చోబెట్టుకొని ఆ నెల బేరాలన్నీ చెప్పమనండి. ఏది ఎంతకు కొన్నది, ఏది ఎందుకమ్మింది అని అడగండి. చీరెల బేరం తెలిసిన ఇల్లు మీది. ఆ తెలివి పిల్లకు అందవలసిన సమయం ఇదే.