ఆటను మైదానమున చూడవలయును

ఇంట టెలివిజనుండగా మైదానమునకు పోవనేల యని కొందఱు తల్లిదండ్రులు మమ్మడుగుచున్నారు. 2014లో ప్రో కబడ్డీ మొదలైనది మొదలు తెలుగు టైటాన్స్ ఆటను మేమును ఇంటనే చూచి సంతోషించితిమి. కాని గోదావరిఖని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియమున సింగరేణి కార్మికుల కబడ్డీ (మన పెద్దల చెడుగుడే) చూచుట వేఱు. అచ్చట కూతగానినే గాక, మూలను చేతులు కలిపి పొంచియున్నవారిని గూడ మన యిచ్చవచ్చినట్లు చూడవచ్చును. కూతకు గడువు 30 సెకనులు. అది ముగియవచ్చిన కొలది మన యూపిరియు బిగియును. మొదటి షిఫ్టు దిగివచ్చిన తండ్రి కొడుకును భుజముపై నెక్కించుకొని కేకవేయును. ఎదుటి గనివాడు చీలమండ నొడిసిపట్టినను చప్పట్లు మ్రోగును. ఈ చప్పట్లు పిల్లలు వినవలసినవి. పరీక్షలు సమీపించినను ఒక్క సాయంకాలము వారిని తోడ్కొని పొండు.