168 గంటలకు ముగ్గురు నర్సులు

వారానికి 168 గంటలు. ఏ ప్రభుత్వమూ మార్చలేని లెక్క ఇది. నెలకు 20 కంటే తక్కువ కాన్పులు జరిగే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి 2012 నాటి భారత ప్రజారోగ్య ప్రమాణాలు తప్పనిసరి చేసిన స్టాఫ్ నర్సులు ముగ్గురు. రేయింబవళ్ళు ఒక నర్సు డ్యూటీలో ఉండాలంటే తలకు 56 గంటలు పడుతుంది. ఒకరు ప్రసూతి సెలవుపై వెళితే మిగిలిన ఇద్దరికీ 84 గంటలు. అనగా ఒక్క రోజైనా సెలవు లేకుండా దినానికి 12 గంటలు! నర్సులకు ఎనిమిది గంటల డ్యూటీయేనని ప్రకటించే అధికారులు ఈ భాగహారం ఎన్నడైనా చేశారా?

ఈ లెక్క బస్తర్ అడవులలో ప్రాణాల మీదికి వస్తుంది. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత జగర్గుండా కంచె నడుమ శిబిరంగా మారింది. రేషను సరుకులు సైతం సాయుధ బలగాల కాపలాతో కొన్ని మాసాలకొకసారి చేరేవి. దోర్నపాల్‌కు 56 కిలోమీటర్ల దారిలో రాకపోకలు ఏళ్ళ తరబడి స్తంభించాయి. ఆ రోడ్డును తిరిగి నిర్మించారు, మంచిదే. కాని రోడ్డు వేసినంత మాత్రాన నర్సు దిగిరాదు. పట్టణ ఆసుపత్రిలో ఒక నర్సు సొమ్మసిల్లితే పక్క వార్డు నుండి మరొకరు వస్తారు. అటువంటి మారుమూల "నీవు వెళ్ళి పడుకో, నేను చూస్తాను" అనే రెండవ మనిషి ఎక్కడున్నారు? కాన్పు తరువాత రక్తస్రావమైన తల్లికి మందు మోతాదు చూడవలసింది ఆ అలసిన కళ్ళే. కోంటా ప్రాంత రోగులు సరిహద్దు దాటి భద్రాచలం ఆసుపత్రికి వస్తున్నారంటే, అక్కడి కొరత ఇక్కడి మన నర్సుల నెత్తినా పడుతున్నదన్నమాట.

అలసటను సణుగుడుగా కొట్టిపారేసే పెద్దలకు ఒక మాట. అమెరికాలో 393 మంది నర్సుల డ్యూటీలను పరిశీలించి 2004లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, పన్నెండున్నర గంటలు దాటిన డ్యూటీలో పొరపాటు జరిగే అవకాశం మూడింతలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లోనే తన 157వ సిఫారసులో దినానికి ఎనిమిది గంటలు, ఓవర్‌టైముతో కలిపి 12 గంటల గరిష్ఠ పరిమితి, డ్యూటీల మధ్య కనీసం 12 గంటల విశ్రాంతి ఉండాలని చెప్పింది. అదే ఏటి 149వ ఒడంబడికను భారత ప్రభుత్వం ధ్రువీకరించలేదు. ప్రతి మే 12న దీపాలు వెలిగించి, సేవామూర్తులని పొగడడానికి మాత్రం ఎవరి ధ్రువీకరణా అక్కరలేదు!

నర్సులే 12 గంటల డ్యూటీ కోరుతున్నారని యాజమాన్యాల వాదన. వారానికి మూడు నాలుగు రోజులు సెలవు ఇస్తే ఎవరైనా ఆలోచిస్తారు. 12 గంటలు చేయించుకొనేవారు ఆ సెలవులు ఇస్తున్నారా?

వారానికి 48 గంటల చొప్పున చూసినా ఒక్క స్థానం నింపడానికి ముగ్గురున్నర మంది కావాలి. సెలవులు కలిపితే ఐదుగురికి తగ్గదు. మారుమూల కేంద్రం ప్రతిదానికీ ఐదుగురు శాశ్వత నర్సులను, ఆవరణలోనే క్వార్టర్లను మంజూరు చేయాలనీ, నర్సు నిజంగా పనిచేసిన గంటలను రిజిస్టరులో నమోదు చేసి ఆమె సంతకం తీసుకోవాలనీ మేము కోరుతున్నాము.