కంప్యూటర్ విభాగం కబుర్లు: కనబడని డిస్కు

మన పట్టణానికి రెండు పేర్లున్న సంగతి పాఠకులకు విదితమే. శ్రీకాకుళం నుండి తొలిసారిగా బయలుదేరిన బంధువు రైళ్ల పట్టికలో జంషెడ్‌పూర్ కోసం ఎంత వెదకినా ప్రయోజనముండదు. అక్కడ దొరికేది టాటానగర్. 1919లో సాక్చికి జంషెడ్‌పూర్ అనీ, కాళీమాటి స్టేషనుకు టాటానగర్ అనీ పేర్లు పెట్టిన నాటి నుండి కొత్తవారికి ఈ తికమక తప్పడం లేదు. సర్వరులోని హార్డువేరు విషయమూ ఇటువంటిదే. పెట్టె మీద ముద్రించిన పేరు ఒకటి, లోపలి చిప్పు పేరు వేరొకటి.

ఈ ప్రసంగం ఇప్పుడెందుకంటే, 2024 జూన్ 30తో సెంటాస్ 7కు మద్దతు ముగిసింది. దానిపై నడుస్తున్న పాత సర్వరులకు కొత్త లినక్సు ఎక్కించవలసిన అవసరం అనేక కార్యాలయాలకు కలిగింది. అట్టి సందర్భంలో తరచుగా ఎదురయ్యే చిక్కు ఇది: ఇన్‌స్టలేషను సజావుగా మొదలవుతుంది, భాష అడుగుతుంది, సమయం అడుగుతుంది, తీరా డిస్కు ఎంచుకొనే చోటికి వచ్చేసరికి పట్టిక ఖాళీగా ఉంటుంది. నిన్నటి వరకు స్టోర్సు లెక్కలన్నీ మోసిన డిస్కు నేడు లేదంటుంది. వెంటనే డిస్కు చెడిపోయిందని నిర్ణయించి టెండరు కాగితాలు సిద్ధం చేయడం తొందరపాటు అవుతుంది.

ముందుగా యంత్రాన్ని తిరిగి ప్రారంభించి, రెయిడ్ కంట్రోలరు తన సొంత తెరపై డిస్కులను చూపుతున్నదో లేదో గమనించవలెను. అక్కడే కనబడకపోతే దోషం కేబులుదో, డిస్కుదో, కార్డుదో అయి ఉంటుంది. లినక్సుకు సంబంధం లేదు. డిస్కులు కనబడుతూ, వాటితో వర్చువల్ డిస్కు మాత్రం ఏర్పరచి ఉండకపోతే, చాలా కార్డులు ఆపరేటింగ్ సిస్టమునకు ఏమీ చూపవు. ఈ రెండూ సక్రమంగా ఉన్నప్పుడే తరువాతి మెట్టు.

ఇన్‌స్టలేషను జరుగుతుండగానే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 మీటలు కలిపి నొక్కితే చాలా లినక్సులలో ఆజ్ఞలు ఇచ్చుకొనే తెర లభిస్తుంది. అక్కడ ఎల్ఎస్‌పీసీఐ అనే ఆజ్ఞకు ఎన్, ఎన్, కె అను అక్షరాలు జతపరిస్తే ప్రతి కార్డుకు రెండు సంఖ్యలు వస్తాయి. మొదటిది తయారీదారుది, రెండవది పరికరానిది. రైల్వేవారి స్టేషను కోడు వలె, పేరు ఏదైనా ఈ సంఖ్య మారదు. ఉదాహరణకు డెల్ వారి పెర్క్ హెచ్310 కార్డు తన సంఖ్యను 1000:0073 అని చెప్పుకొంటుంది. 1000 అనగా ఎల్ఎస్ఐ సంస్థ; డెల్ సంఖ్య 1028 ఉపసంఖ్యలలో మాత్రమే కనబడుతుంది. హెచ్700 కార్డుది 1000:0079. ఆ సంఖ్యల క్రింద ఏ డ్రైవరు వాడుకలో ఉన్నదో తెలిపే వరుస ఉండాలి. అది లేదంటే కార్డు కెర్నెలుకు కనబడినది గాని, దానిని నడిపే డ్రైవరు దొరకలేదని అర్థం.

డ్రైవరు ఎక్కడికి పోయింది? 2019లో వెలువడిన రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్సు 8లో మెగారెయిడ్ డ్రైవరు ఉన్నది గాని, అది గుర్తించే సంఖ్యల జాబితా నుండి పై రెండింటిని, మరికొన్ని పాత కార్డులను తొలగించారు. మూల కెర్నెలులో అవి నేటికీ ఉన్నాయి. అందుచేతనే డెబియన్ ఎక్కిస్తే అదే డిస్కు వెంటనే ప్రత్యక్షమవుతుంది. ఫ్రీబీఎస్‌డీలోనూ కనబడుతుంది, కాకపోతే ఎంఎఫ్ఐడీ0 అనే మరో పేరుతో. రెడ్‌హ్యాట్ కుటుంబమే కావాలంటే ఎల్‌రెపో స్వచ్ఛంద బృందం అందించే డ్రైవరు డిస్కును ఇన్‌స్ట్.డీడీ అనే మార్గంలో ఇవ్వవచ్చు. ప్రయోగానికైతే ఇది చక్కని ఉపాయం. స్టోర్సు లెక్కలు, జీతాల పట్టికలు ఉండే సర్వరుకు మాత్రం, ప్రతి కెర్నెలు మార్పునాడూ బిక్కుబిక్కుమంటూ ఉండేకంటే కార్డు మార్చుటయే మేలని మా అభిప్రాయం. అయితే ఒక కార్డు కట్టిన రెయిడ్‌ను మరొక కార్డు చదవగలదన్న భరోసా లేదు. బ్యాకప్ తీసి, దానిని వేరొక యంత్రంపై తెరచి చూసిన పిమ్మటనే స్క్రూడ్రైవరు పట్టవలెను. 2025లో వచ్చిన పదవ విడుదల ప్రాసెసరునే కొత్తది కోరుతుంది గనుక, ఆ తరం యంత్రాలకు దాని ఆశ వదులుకోవడమే.

అన్నింటికంటె ప్రమాదకరమైనది ఖాళీ పట్టిక కాదు, ఒకే ఒక్క డిస్కు కనబడే పట్టిక. సర్వరుకు ఫైబర్ తీగ ద్వారా బయటి స్టోరేజి కూడా జతపడి ఉన్నదనుకొందాము. లోపలి డిస్కుకు డ్రైవరు లేదు, బయటి దానికి ఉన్నది. అప్పుడు ఉత్పత్తి వివరాలన్నీ ఉన్న ఆ బయటి భాగమే ఎస్‌డీఏ అన్న పేరుతో, వినయంగా, మొదటి వరుసలో నిలుచుంటుంది. అలసిన రాత్రి షిఫ్టు ఉద్యోగి సరే అన్నాడంటే మిగిలేది శూన్యం. ఎస్‌డీఏ అనేది స్థిరమైన పేరు కాదు. పరికరాలను కనుగొన్న వరుసను బట్టి మారుతుంది. కావున ఇన్‌స్టలేషనుకు ముందు ఫైబర్ తీగను ఊడదీయవలెను. అది వీలుకాని చోట డిస్కు పరిమాణాన్ని, సీరియల్ సంఖ్యను కాగితంపై వ్రాసుకొని, తెరపై ఉన్నదానితో ఇద్దరు సరిచూడవలెను.

నెట్‌వర్కు కార్డు సంగతి వేరు. పాత బ్రాడ్‌కామ్ కార్డులకు డ్రైవరు ఉన్నా, ఫర్మువేరు ఫైలు లేక లింకు లేవదు. డీమెసెజ్ ఆజ్ఞ ఆ ఫైలు పేరును స్పష్టంగా చెబుతుంది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుండి ఇట్టి ఫర్మువేరు ఇన్‌స్టలేషను డిస్కులోనే లభిస్తున్నది గనుక ఈ బాధ చాలవరకు తగ్గింది.

తమ విభాగంలోని సర్వరులు ఈ కోవలోనివో కావో తెలుసుకొనుటకు యంత్రం ఆపనక్కరలేదు. నడుస్తుండగానే పై ఆజ్ఞ ఇచ్చి, వచ్చిన సంఖ్యలను ఒక చీటీపై వ్రాసి ర్యాకు తలుపు లోపలివైపున అంటించవచ్చు.