తంత్రికిని చేతికిని నడుమ

వీణాదులను మీటు సాధనమునకు సంస్కృతమున కోణమని పేరు. అమరకోశమును వల్లించినవారికి ఈ మాట క్రొత్తది కాదు. పాతిక సంవత్సరములుగా నేను ఆ శబ్దమునకు అర్థము చెప్పుచునే యున్నాను. కాని ఆ వస్తువు వాద్యమునకు చేయు మేలెట్టిదో, కీడెట్టిదో నాకు తెలిసినది నిరుటి వేసవిలో మాత్రమే.

మా అమ్మాయి గిటారు నేర్చుకొనుచున్నది. మూడు నెలలు గడచినను ఆ వాద్యము సరిగా పలుకలేదు. తంత్రి మీటినపుడెల్ల స్వరముకంటె ముందుగా కాగితము కొట్టుకొన్నట్టి టపటప శబ్దమొకటి వినబడుచుండెను. ఒకనాడు నేను విసిగి, "నీ చేతికి ఈ విద్య పట్టుబడదమ్మా! మన వీణయే నేర్చుకొనరాదా?" అంటిని. ఆమె మాఱు పలుకక గిటారును గోడకు చేర్చినది. వారము దినములు దానిని ముట్టలేదు. తరువాత ఆమెతో నేర్చుకొను పిల్ల యొకతె మా యింటికి వచ్చి, తన సంచిలోని మీటుపలకను తీసి ఆమె చేతికిచ్చినది. అదే వాద్యము, అవే తంత్రులు, అదే చేయి. ధ్వని మాత్రము వేఱు. దోషము నా బిడ్డ చేతిలో లేదు. ఆ చేతిలోనున్న అర మిల్లీమీటరు పలకలో నున్నది. ఆ సంగతి విచారింపకయే తీర్పు చెప్పినవాడను నేను.

పిల్లలు దీనిని పిక్కు అందురు. మూడు మూలలు గుండ్రగా అరగిన ఒక చిన్న పలక. దీని మందమును మిల్లీమీటర్లలో లెక్కింతురు. రమారమి 0.6 లోపలివి పలుచనివి, 0.6 మొదలు 0.8 వఱకు మధ్యమములు, అంతకు మించినవి దళసరివి. టార్టెక్స్ అను పేరుతో వచ్చు పలకలలో 0.60 దానికి నారింజ రంగు, 0.73 దానికి పసుపు, 0.88 దానికి ఆకుపచ్చ ఏర్పఱచినారు. వాదకుడు అంకె చూడకయే తనదానిని ఏఱుకొనగలడు.

పలుచని పలక తంత్రికి తగులగనే తాను వంగును. ఆరు తంత్రులను ఒక్క ఊపున మీటి పాటకు తోడుగా వాయించునపుడు ఈ వంగుటయే మేలు. ఏ తంత్రియు మిక్కుటముగా మ్రోగక, అన్నియు సమముగా కలిసి పలుకును. కాని ఒక్కొక్క స్వరమును విడివిడిగా పలికింపవలసినపుడు అదే గుణము దోషమగును. పలక వంగి మరల నిలుచు లోపల చేయి నడక తప్పును. పలక కొట్టుకొను శబ్దము స్వరమును మింగును. దళసరి పలక వంగదు. చేతి బలమంతయు తంత్రికి చేరును, స్వరము నిండుగా వినవచ్చును. అయితే చేయి మొరటైనచో ఆ మొరటుతనము కూడ దాచక తంత్రికి చేర్చును. కొన వాడిగా నున్నచో ధ్వని చుఱుకుగాను, గుండ్రగా నున్నచో మెత్తగాను ఉండును.

ద్రవ్యభేదమును ఇట్టిదే. నైలాను పలక సులభముగా వంగును, త్వరగా విఱుగదు, దాని ధ్వని మెత్తన. లోహపు పలక ధ్వనిని మిక్కిలి చుఱుకు చేయును గాని తంత్రులను అరగదీయును. ఒకప్పుడు వాదకులు అన్నిటికంటె మిన్నగా మెచ్చినది తాబేటి చిప్ప. డేగముక్కు వంటి ముక్కుగల సముద్రపు తాబేటి వీపునుండి దానిని ఒలిచెడివారు. దువ్వెనలకు, నగలపెట్టెలకు, ఈ పలకలకు బలియై ఆ జాతి అంతరించు స్థితికి వచ్చినది. 1973లో వాషింగ్టనులో కుదిరి, 1975లో అమలునకు వచ్చిన అంతర్జాతీయ ఒప్పందము క్రింద ఆ చిప్ప వ్యాపారము క్రమముగా నిషిద్ధమైనది. అంతకు ఎంతో ముందే కర్పూరము కలిపి చేయు సెల్యులాయిడు ఆ చిప్పకు మాఱుగా వచ్చియుండెను. నేటికిని కొన్ని పలకలపై గోధుమవన్నె మచ్చలు కనిపించుట ఆ చిప్పను అనుకరించుటయే. చిప్పవంటి స్వరము మఱి దేనికిని రాదని వాదించువారు నేటికిని కలరు. వచ్చునో రాదో గాని, ఒక ప్రాణి జాతిని తుదముట్టించి తెచ్చుకొనవలసినంత మాధుర్యము ఏ స్వరమునకును లేదని నా అభిప్రాయము.

మన వాద్యములను చూడుడు. వైణికులలో పలువురు గోటితోనే మీటుదురు. సితారు వాయించువారు చూపుడు వ్రేలికి తీగ మిజ్రాబును తొడుగుదురు. సరోదునకు కొబ్బరి చిప్పను అరగదీసి చేసిన పలక వాడుదురు. 1969లో పాలకొల్లున జన్మించి 2014లో గతించిన ఉప్పలపు శ్రీనివాస్, పాశ్చాత్యుల మాండలినును చిన్న మీటుపలకతోనే మీటి, కర్ణాటక రాగములను గమకయుక్తముగా పలికించినాడు. గోరు మనది, పలక పరాయిది అని నేను అనుకొన్న భేదము ఆయన చేతిలో నిలువలేదు. ఏ సాధనము మనదనునది కాదు, అది చేతి మాటను తంత్రికి సరిగా చేర్చుచున్నదా అనునదే ప్రశ్న.

ఈ యెన్నికలో రెండు పొరపాట్లు జరుగుచున్నవి. మొదటిది, క్రొత్తవానికి పలుచనిది సులభమని దానినే యిచ్చి ఊరకుండుట. సులభమన్న మాట నిజమే. కాని తన చేతి తప్పును వినిపింపని సాధనముతో విద్యార్థి ఏమి దిద్దుకొనగలడు? రెండవది, గొప్పవారి సాధనమును కొని తెచ్చుకొనుట. ఇంగ్లండు దేశపు వాదకుడు బ్రయన్ మే ఆరు పెన్నీల పాత నాణెముతో మీటును. దాని అంచు గీట్లు తంత్రిని రాయుట ఆయన కోరిన ధ్వనికి అనుకూలము. నాణెము దొరకవచ్చును, ఆ చెవి దొరకునా?

కావున సంగీతము నేర్పువారికి నా విన్నపమిది. పలుచనిది, మధ్యమము, దళసరిది, మూడు పలకలను విద్యార్థి ముందుంచుడు. వాని వెల స్వల్పము. ఒకే పాట ముక్కను మూడింటితోను వాయించి, అతనిని కన్నులు మూసికొని వినుమనుడు. ఏది ఏ పనికి తగునో అతని చెవియే చెప్పవలెను. సంగీతము రాని మావంటి ఉపాధ్యాయులును "నీకు రాదు" అనుటకు ముందు, మేము ఆ చేతికి ఏమి యిచ్చితిమో ఒక్కసారి చూచుకొనుట మంచిది.

అమ్మాయికి నా తప్పు ఒప్పుకొంటిని. ఆమె నవ్వి తన పలకలలో నొకటి నాకిచ్చినది. ఇప్పుడు తరగతిలో కోణశబ్దము వచ్చినపుడు, జేబులోనుండి ఆ ఆకుపచ్చని పలకను తీసి పిల్లలకు చూపుచున్నాను.