మన ఇంగ్లీషు తప్పుల్లో తెలుగు వ్యాకరణం

గ్రూప్ డిస్కషన్‌లో ఎవరైనా ‘ఎవ్రీబడీ ఆర్ రెడీ’ అంటే చాలు, వెనక బెంచీ నుంచి నవ్వు వినిపిస్తుంది. ఆ తర్వాత ఆ మనిషి సెమిస్టరంతా నోరు తెరవడు. సబ్జెక్టు బాగా వచ్చి కూడా ఇంటర్వ్యూల్లో మౌనంగా మిగిలిపోయేవాళ్లు ప్రతి బ్రాంచిలోనూ ఉన్నారు. అందుకే ఈ తప్పుల గురించి కాస్త మాట్లాడుకోవాలి. నన్నడిగితే, వీటిలో చాలావరకు మనకు తెలుగు సరిగ్గా రావడం వల్ల వచ్చేవే.

‘అందరూ వచ్చారు’ అంటాం. కర్త బహువచనం, క్రియా బహువచనమే. ఇంగ్లీషు ‘ఎవ్రీబడీ’ మాత్రం ఒక్కొక్కరినీ విడిగా లెక్కపెట్టే మాట. అందుకే దాని పక్కన ‘ఈజ్’, ‘హాజ్’ వస్తాయి. ‘ఎవ్రీవన్’, ‘సంబడీ’, ‘నోబడీ’లకూ అంతే.

‘ఎవరూ రాలేదు’ చూడండి. ఇక్కడ ‘లేదు’ అనే పని క్రియ చేస్తోంది. ఇంగ్లీషులో ఆ పని ‘నోబడీ’యే చేసేస్తుంది కాబట్టి ‘నోబడీ కేమ్’ అంటే సరిపోతుంది. మనం అలవాటు కొద్దీ క్రియకూ ‘నాట్’ తగిలించి ‘నోబడీ డిడ్ నాట్ కమ్’ అంటాం. సరదా ఏంటంటే, 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ కూడా ఒకే వాక్యంలో రెండు మూడు ‘కాదు’లు వాడాడు. అప్పట్లో అది తప్పు కాదు మరి!

వాక్యాలను కలిపే మాటల్లోనూ ఇదే కథ. ‘వాన పడింది కాబట్టి వెళ్లలేదు’లో ‘కాబట్టి’ మధ్యలో కూర్చుని అటు కారణాన్నీ ఇటు ఫలితాన్నీ తనే చూపిస్తుంది. ఇంగ్లీషులో కారణం వైపు ‘బికాజ్’ గానీ, ఫలితం వైపు ‘సో’ గానీ ఒక్కటే పెట్టాలి. మనం రెండూ పెట్టేస్తాం. ‘ఎంత చెప్పినా గానీ వినడు’ అనే అలవాటే ‘ఆల్దో’ వెనకాల ‘బట్’ని లాక్కొస్తుంది. ఇక ‘హవెవర్’ని ‘కానీ’ అనుకుని, రెండు వాక్యాల మధ్య ఒక కామాతో ఇరికిస్తాం. అలా కలిపేటప్పుడు దాని ముందు ఫుల్‌స్టాప్ గానీ సెమీకోలన్ గానీ ఉండాలి, తర్వాత కామా రావాలి.

సి.పి. బ్రౌన్ 1840లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో రాశాడు. తెలుగు నేర్చుకునే ఇంగ్లీషువాళ్లకు వాళ్ల భాషలోనే వివరించాడు. మనకు మాత్రం ఇంగ్లీషు వ్యాకరణం ఇంగ్లీషులోనే చెప్తారు. తప్పు రాస్తే ఎర్ర గీత పడుతుంది, ఎందుకో చెప్పరు. కంపైలర్ నయం, ఏ లైన్లో ఏం తేడా వచ్చిందో చెప్తుంది.

క్లాసులో తెలుగు వినిపిస్తే ఇంగ్లీషులో ఆలోచించడం ఎప్పటికీ రాదని కొందరంటారు. మాట్లాడే సాధన ఇంగ్లీషులోనే జరగాలి, నిజమే. కానీ తప్పు ఎక్కడ పుట్టిందో చెప్పడానికి ఐదు నిమిషాల తెలుగు చాలు. ‘ఎవరో, ఎవరైనా, ఎవరూ’ అనే తేడా పల్లెలో ఐదేళ్ల పిల్లాడికి కూడా తెలుసు. అక్కడి నుంచి ‘సంబడీ, ఎనీబడీ, నోబడీ’కి దారి చూపించొచ్చు కదా.

ఆ పని మన క్లబ్బే మొదలుపెట్టొచ్చు. వారానికి ఒక ఇంగ్లీషు తప్పు, దాని వెనకున్న తెలుగు వాక్యం, పేర్లు లేకుండా బోర్డు మీద రాద్దాం. రాయడానికి చేతులు కావాలి, వస్తారా?